గోడవైపు రెండు వేళ్లు

ఆల్గోట్ మోకాళ్ల మీద కూర్చుని, ఆకుపచ్చ తివాచీ అంచు ఎత్తి, కింద మూడో చెక్క దూర్చాడు. రసమట్టం పెట్టి చూశాడు. బుడగ నడిమధ్యకు వచ్చి నిలబడింది. "ఇప్పుడు చెప్పండి," అన్నాడు, అక్కడ ఎవరూ లేకపోయినా.

లూలియో ఊరి బయట అదొక పాత బంగాళాదుంపల గిడ్డంగి. అక్టోబరులో మైదానం మీద మంచు పడితే మే దాకా గోల్ఫ్ వాళ్లందరికీ అదే దిక్కు. ఒక పక్క వేలాడగట్టిన గుడారం గుడ్డకేసి బంతులు బాదుతారు, మరో పక్క తివాచీ మీద గుంటలోకి దొర్లిస్తారు. వేసవిలో మైదానం గడ్డి కోసే ఆల్గోట్‌కు చలికాలమంతా ఇక్కడే పని. అరవై ఏడేళ్లు, వెడల్పాటి చేతులు, గడ్డిమర మీద కూర్చుని కూర్చుని ముందుకు వంగిన మెడ. గుడ్డకు బంతి తగిలిన చప్పుడు విని అది ఎవరి దెబ్బో చెప్పేస్తాడు. ఎప్పుడూ తప్పలేదు.

కడిగిన నీళ్లు పోవాలని గిడ్డంగి నేలను తలుపువైపు వాలుగా పోశారు. బంతి అటే జారుతుంది కాబట్టి ఇక్కడ అందరూ గుంటకు గోడవైపు రెండు వేళ్లు పక్కగా గురి చూస్తారు. ఏడు నెలలు అలా కొట్టీ కొట్టీ, మేలో చదునైన గడ్డి మీదా అలాగే కొట్టి గుంట తప్పుతారు. "అదిగో, దుంపలోళ్లు వచ్చారు," అని పొరుగు క్లబ్బు వాళ్లు ఇకిలిస్తారు. ఆ మాటంటే ఆల్గోట్‌కు ఒళ్లు మంట.

ఈ గురువారం చలికాలం పోటీ. గెలిచినవాళ్లకు కప్పూ లేదు, డబ్బూ లేదు. మైదానం తెరిచిన రోజు మొదటి బంతి కొట్టే హక్కు, అంతే. బంతి కొట్టే ఆ చోట పద్దెనిమిదేళ్లుగా గడ్డి కోసేది ఆల్గోటే. ఆ రోజు మాత్రం పక్కన నిలబడి, ఇంకెవరో కొడుతుంటే చూడాలి. ఈసారి తనదేనని పొద్దున కాఫీ దగ్గరే తేల్చుకున్నాడు.

పదింటికి అందరూ చేరారు. నాలుగుసార్లు గెలిచిన ఇంగెగెర్డ్ అందరికంటే ముందు నిలబడింది. ఆమె డెబ్బై ఆరేళ్ల పళ్ల డాక్టరు.

"చెక్కలు వేసి నేల చదును చేశాను. గోడవైపు చూడకండి, తిన్నగా కొట్టండి," అని ఆల్గోట్ రెండుసార్లు చెప్పాడు.

"మమ్మల్ని బోల్తా కొట్టించాలనేనా? నలభై ఏళ్లు పళ్లు పీకానోయ్. నోరు తెరవగానే అబద్ధం కనిపెడతాను," అంది ఇంగెగెర్డ్.

"అయితే నా నోరు చూసి నమ్మండి, డాక్టరమ్మా."

"అందులో సగం నేను కట్టినవే. వాటినేం నమ్మను?"

అందరూ నవ్వారు. నమ్మనివాళ్ల బంతులు గుంటకు రెండు వేళ్లు గోడవైపుగా పోయాయి. నమ్మినవాళ్లవీ అక్కడికే పోయాయి. చివరి బంతికి ఇంగెగెర్డ్ తిన్నగానే గురి చూసింది, కానీ ఆఖరి క్షణంలో మణికట్టు తిరిగిపోయింది.

"ఈ చేతులు నా మాట వినవు," అని విసుక్కుంది.

ఆల్గోట్ పొద్దుటంతా ఆ నేలను మోకాళ్లతో తడిమినవాడు. పన్నెండు అడుగుల దూరం నుంచి తిన్నగా తోశాడు. బంతి గుంటలో ఠంగుమంది. పోటీ అతనిదైంది.

"చెప్పానా, లేదా?"

"చెప్పావులే. మైదానం తెరిచే రోజైనా మంచి చొక్కా వేసుకురా, ఈ చమురు మరకలది కాదు," అంది ఇంగెగెర్డ్.

"నేను ఆవులిస్తూ కొట్టినా నూట ఎనభై గజాలు పోతుంది. మీరు చూస్తూ ఉండండి," అన్నాడు. ఒళ్లంతా సంతోషంగా ఉంది.

మధ్యాహ్నం ఇంటికెళ్లాడు. వాళ్ల దేశంలో గురువారమంటే ఇంటింటా బఠాణీ సూపు, ఆ తర్వాత తీపి అట్లు. పళ్లెం తుడుచుకుని తిని, రోజులాగే పేపరు పట్టుకుని సోఫాలో అరగంట నడుం వాల్చాడు. మళ్లీ లేవలేదు. మూడింటికి వచ్చినవాళ్లకు గిడ్డంగి తాళం కనబడింది. పద్దెనిమిదేళ్లలో అదే మొదటిసారి.

చెక్కలను ఎవరూ తీయలేదు. ఏప్రిల్ అంతా వాటి మీదే ఆడారు. మేలో మైదానం తెరిచిన రోజు ఇంగెగెర్డ్ మొదటి బంతి కొట్టే చోట, బంతిని నిలబెట్టే చెక్కమేకు గుచ్చి, దాని మీద కొత్త బంతి పెట్టింది.

"ఇది ఆల్గోట్ దెబ్బ. ఎవరూ ముట్టుకోకండి," అంది.

మేకు మీది బంతి కదల్లేదు; అదే ఎగిరి ఉంటే నూట ఎనభై గజాల అవతల పడటానికి ఎంతసేపు పట్టేదో అంతసేపూ అందరూ అటే చూస్తూ నిలబడ్డారు. తర్వాత పక్కన వేరే మేకులు గుచ్చుకుని ఆడారు. ఆ రోజు ఎవరూ రెండు వేళ్లు తప్పలేదు. పొరుగు క్లబ్బు వాళ్లకు అనడానికి ఏమీ దొరకలేదు.

కొత్తగా గడ్డి కోయడానికి వచ్చినతను కూడా మరను పక్కకు తిప్పుకుని వెళ్తున్నాడు. జూన్‌కల్లా చుట్టూ అరచేయి వెడల్పున గడ్డి ఎదిగింది. దాని మధ్యన మేకు మీద తెల్లటి బంతి, ఇంకా ఒక్క దెబ్బా తినకుండా ఉంది.