కంచె లోపల మనిషి

“నీడ పట్టున కూసునే పనికి గూడ నొప్పులొస్తయా?” అన్నాడు మల్లేశ్వర్, అద్దం ముందు తల దువ్వుకుంటూ.

పూర్ణిమ మొగుడి వైపు చూడకుండా సద్ది గిన్నెకు మూత పెట్టింది. పొత్తికడుపులో సూదులతో పొడిచినట్టుందని, ఒంటికి పోతే మంట లేస్తోందని ఒక్కసారే చెప్పింది. ‘దవాఖానల డాక్టరమ్మ నీళ్లు మంచిగ తాగుమన్నది’ అని కూడా చెప్పబోయి ఊరుకుంది. చెబితే ‘తాగు మరి, వద్దన్నదెవరు?’ అంటాడు. నిజమే, వద్దని ఎవరూ అనలేదు. ఎవరూ వద్దనకుండానే మానుకున్నవి ఆమె బతుకులో చాలానే ఉన్నాయి. వాటిలో నీళ్లొకటి.

సద్ది గిన్నె సంచిలో పెట్టుకుని దొడ్డి తడిక తీసింది. గొర్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికొచ్చాయి. మల్లేశ్వర్ కంపెనీ వాళ్లిచ్చిన కార్డు మెడలో వేసుకుని, బండి మీద మంద వెనకాలే నెమ్మదిగా వచ్చాడు. దారిలో ఎదురైన వాళ్లు “ఏం మల్లేశన్నా, డ్యూటీకేనా?” అని అతణ్ణే పలకరించారు.

పాల్మాకుల శివారులో వీళ్ల బీడు, చుట్టుపక్కల వాళ్ల బీళ్లు కలిపి సోలార్ కంపెనీ కిరాయికి తీసుకుంది. కనుచూపు మేర ప్లేట్లు పరిచి, చుట్టూ ఇనుప జాలి కట్టేసింది. దాంతో మందకు మేత లేకుండా పోయింది. మామ కుర్మయ్య పోయేనాటికి మిగిలింది ఆ మంద ఒక్కటే. దాన్ని కూడా అమ్మేద్దామని మల్లేశ్వర్ బేరానికి మనుషుల్ని పిలిచాడు. సరిగ్గా అప్పుడే కంపెనీకి గడ్డి తిప్పలు మొదలయ్యాయి. ప్లేట్ల నీడకు గడ్డి ఒత్తుగా పెరుగుతోంది, ఎండాకాలం నిప్పు పడితే అంతే సంగతులు. మిషన్లతో కోయిస్తే రాళ్లు ఎగిరి ప్లేట్లు పగులుతున్నాయి. మేకల్ని వదిలితే ప్లేట్లెక్కి వైర్లు నములుతాయి. గొర్లయితే తల వంచుకుని తమ మేత తాము మేస్తాయి. ‘తల వంచుకొని పనిచేసేటోళ్లే గావాలె కంపెనీకి’ అని మల్లేశ్వర్ ఆ రోజు ఇంటికొచ్చి నవ్వాడు. కొలువు అతని పేరు మీద కుదిరింది. పని మాత్రం ఎవరూ ఏమీ అనుకోకుండానే, అంట్లూ బట్టలూ ఆమె వంతుకు వచ్చినట్టే, పూర్ణిమ వంతుకు వచ్చింది.

రాగి వైర్లు పోతున్నాయని గేటుకు ఎప్పుడూ తాళం ఉండాలని కంపెనీ వాళ్లు గట్టిగా చెప్పారు. మల్లేశ్వర్ పొద్దున మందనూ ఆమెనూ లోపలికి తోలి, బయటి నుంచి తాళం వేసి, తుక్కుగూడ దిక్కు ప్లాట్లు చూపించే పనికి పోతాడు. సాయంత్రం వచ్చి తీస్తాడు. మొదట్లో ఒకసారి ఆమె తాళంచెయ్యి అడిగింది. “నీకెందుకు? యాడికి పోయేదున్నది నీకు?” అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు తన దగ్గర లేనట్టు పూర్ణిమ సిగ్గుపడింది. అప్పుడెందుకు సిగ్గుపడ్డానా అని ఆ తర్వాత చాలా రోజులు తనమీద తనే ఉడుక్కుంది.

లోపల చెట్టు లేదు, గోడ లేదు. వరసకొక స్తంభం, స్తంభం మీద కెమెరా. ఎటు తిరిగినా ఒక గాజు కన్ను తనవైపే చూస్తున్నట్టుండేది. ప్లేట్ల కింద వంగి కూర్చున్నా ఏదో ఒక మూల నుంచి కనబడతానేమోనని భయం. ఆ కెమెరాల అవతల చల్లటి గదిలో కూర్చుని కంపెనీ మగవాళ్లు టీవీ చూసినట్టు తనను చూస్తుంటారని ఊహించుకునేది. అందుకే పొద్దున టీ మానేసింది. నీళ్ల సీసా తెచ్చుకున్నా మూత తీసేది కాదు. విమానాలు తలకు తగిలేంత కిందికి దిగుతూ పోతుంటే, కిటికీల పక్కన కూర్చున్నవాళ్లకు సైతం తను కనిపిస్తుందేమోనని కొంగు సర్దుకునేది. ఇంటికి చేరగానే ముందు దొడ్లోకి ఉరికేది. “మంద యాడనన్న పోనీ, ఈమెకు బాత్రూం తొందర,” అని అత్త ఈరమ్మ గొణిగేది.

ఆ రోజు మధ్యాహ్నం గాలి వేడెక్కి విసురుగా కొడుతోంది. తూర్పు దిక్కున గేటు చుట్టూ గడ్డంతా గొర్లు ముందే నున్నగా మేసేశాయి. అందుకని మందను పడమటి వరసల్లోకి తోలింది. అక్కడ గడ్డి మోకాలెత్తు, ఎండి పసుపుబారి ఉంది. జాలి అవతల కొత్త వెంచర్ వాళ్లు ముళ్లకంప కొట్టి కుప్పేసి తగలబెట్టారు. ఆమె ఆ పొగ చూసింది. రోజూ ఏదో ఒకటి కాలబెడుతూనే ఉంటారులే అనుకుంది. గాలి తిరిగింది. జాలి సందుల్లోంచి నిప్పు గడ్డిలో పడింది.

మొదట చిటపటమన్న చప్పుడు. ఆ వెంటనే తెరలాగా మంట లేచింది. గొర్లు ఒక్కసారి బెదిరి గుండ్రంగా తిరగసాగాయి. పూర్ణిమ గొంతు చించుకుని అరుస్తూ, కట్టెతో ముందున్న పొట్టేలును తూర్పుకు మళ్లించింది. అది కదిలితే మిగతావి కదిలాయి. ఒక సూడి గొర్రె మాత్రం ప్లేట్ల కింది కమ్మీల మధ్య ఇరుక్కుని అరుస్తోంది. నాలుగడుగులు దానివైపు వేసింది. చీర కుచ్చిళ్లకు వేడి తగిలింది, కుడిచెయ్యి చుర్రుమంది. వెనక్కి తిరిగింది. ఇంకా లోకం చూడని పిల్ల దాని కడుపులో ఉందని తెలిసీ వెనక్కి తిరిగింది. ఆ అరుపు ఆమె వీపు మీద పడుతూనే ఉంది, తర్వాత ఆగిపోయింది.

పరుగు మధ్యలోనే మల్లేశ్వర్‌కు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది, కట్ చేశాడు. మూడోసారీ కట్ చేశాడు. కంపెనీ వాళ్ల నంబరు ఆమె దగ్గర లేదు. అన్ని నంబర్లూ అతని ఫోన్లోనే ఉంటాయి. ఈరమ్మకు చేసి, “అత్తమ్మా, మంటలు... గేటు...” అంది. అంతకంటే మాట రాలేదు.

గొర్లు మేసిన నేల దగ్గరికి వచ్చేసరికి మంటకు తినడానికి ఏమీ దొరకలేదు, అక్కడే ఆగిపోయింది. కానీ పొగ ఆగలేదు. గాలి మొత్తం పొగనీ గేటు మీదికి తెచ్చి పోస్తోంది. వెనక ప్లేట్లు ఠాప్ ఠాప్‌మని పగులుతున్నాయి. గొర్లు జాలికి ఒత్తుకుని దగ్గుతున్నాయి. అవి మనుషుల్లాగా దగ్గుతాయని ఆమెకు ఆ రోజే తెలిసింది. జాలి సందులో చెయ్యి దూర్చింది. వేళ్లకు తాళం తగిలింది. పట్టుకుని గుంజింది. అది ఊడిరాదని తెలిసీ గుంజుతూనే ఉంది. నేల మీద కూలబడి కొంగు ముక్కుకు అదుముకుంది. చచ్చిపోతానన్న భయం కంటే ముందు, ఎవరి మీదో తెలియని కోపం గొంతులోకి తన్నుకొచ్చింది.

ఈరమ్మ గడ్డపార భుజాన వేసుకుని రొప్పుకుంటూ వచ్చింది. గడ్డపార మొన తాళానికి గురిపెట్టి, రెండు చేతులతో ఎత్తి వేసింది. ఒక దెబ్బ, ఇంకొక దెబ్బ. అరవై దాటిన ఆ చేతుల్లో అంత బలముందని పూర్ణిమ అనుకోలేదు. తాళం పగిలింది. మంద ఇద్దర్నీ తోసుకుంటూ బయటపడింది.

ఫైరింజన్ వచ్చి మంటలు ఆర్పాక మల్లేశ్వర్ వచ్చాడు. బండి దిగీ దిగగానే కింద పడున్న తాళం చూశాడు.

“తాళమెవరు పలగ్గొట్టిన్రు?” అన్నాడు.

ఈలోగా కంపెనీ మేనేజరు హరిప్రసాద్ కారు దిగి వచ్చాడు. కాలిన వరసలు, మిగిలిన వరసలు చూసుకుంటూ ఆ చివరిదాకా నడిచి తిరిగొచ్చి మల్లేశ్వర్ చెయ్యి పట్టుకున్నాడు.

“మీరు ఇటువైపు మేపబట్టే సగం ప్లాంటు మిగిలిందండి. లేకపోతే మొత్తం పోయేది.”

“నేను లోపట్నే ఉన్న సార్,” అన్నాడు మల్లేశ్వర్. “మంట జూడంగనే మందను గిటు మలిపిన. పానానికి తెగించిన సార్.”

పూర్ణిమ జాలికి ఆనుకుని నిలబడి ఉంది. చెయ్యి బొబ్బలెక్కి గుంజుతోంది. కొలువు అతని పేరు మీద ఉంటే ఏమీ అనుకోలేదు. మెడలో కార్డు వేసుకున్నా ఏమీ అనుకోలేదు. రెక్కల కష్టం ఎవరి ఖాతాలో పడ్డా ఆడదానికి అది అలవాటే. కానీ ఇప్పుడు అతను తీసుకుంటున్నది కష్టాన్ని కాదు. గొర్రె అరుపు వింటూ తను వెనక్కి తిరిగిన ఆ క్షణాన్ని, జాలి పట్టుకుని కూలబడ్డ భయాన్ని తీసుకుంటున్నాడు. ఆఖరికి భయం కూడా తనది కాకుండా పోతే ఇక తనకంటూ మిగిలేదేంటి?

“ఆయన లోపట లేడు సార్,” అంది. పొగకు గొంతు బొంగురుపోయి తన గొంతులాగే లేదు. “నేనున్న. బయట తాళమేసి పోయిండు.”

హరిప్రసాద్ ఆమెను అప్పుడే చూసినట్టు చూశాడు. “తాళం వేశాక లోపల మనిషి ఉంటారని మాకెవరూ చెప్పలేదమ్మా. గొర్రెల్ని వదిలేసి వెళ్తారనుకున్నాం. ఇంతకీ మీరెవరు?”

“ఏడాది సంది రోజు వస్తున్న. కెమెరాలల్ల కనబడలేదా సార్ నేను?”

“అవి దొంగల కోసం పెట్టినవమ్మా. ఏదైనా పోతేనే తీసి చూస్తాం. రోజూ ఎవరు చూస్తారు!”

పూర్ణిమ తలెత్తి స్తంభం మీది కెమెరా వంక చూసింది. ఎవరూ చూడటం లేదు. తను ఒంటికి పోకుండా బిగబట్టుకుని, పెదాలు ఎండబెట్టుకుని, జబ్బు తెచ్చుకుని దాక్కున్న ఆ కళ్ల వెనక అసలు ఎవరూ లేరు. ఇవాళ తను అందులో కాలిపోయి ఉంటే, లోపల ఒక మనిషి ఉందని కంపెనీలో ఎవరికీ తెలిసేది కాదు. గొర్లతో పాటు ఏదో కాలిందనుకునేవాళ్లు.

ఇల్లు చేరాక మల్లేశ్వర్ బకెట్టును కాలితో తన్నాడు. “నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవ్. గా పని పోతే నీకేమొస్తది?” అంటూ చెయ్యి ఎత్తాడు. ఈరమ్మ గడపలో నిలబడి కొడుకు వంకే చూస్తోంది. ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఉండి కిందికి దిగింది. అతను బండి తీసుకుని వెళ్లిపోయాక, ఈరమ్మ కొబ్బరినూనె తెచ్చి కోడలి చేతికి రాస్తూ, “ఎంతైనా మగోని ముంగట గట్లనరాదు పిల్లా. ఇంట్ల అడిగితే అయిపోతుండె,” అంది.

“ఇంట్ల అడిగిన గద అత్తమ్మా, తాళంచెయ్యి.”

నూనె రాస్తున్న ఈరమ్మ వేళ్లు కాస్త మెత్తబడ్డాయి.

మర్నాడు హరిప్రసాద్ మల్లేశ్వర్‌కు ఫోన్ చేసి, అసలు లోపల పని ఎవరు చేస్తున్నారని అడిగాడు. మల్లేశ్వర్ “సార్, సార్” అంటూ వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. “ఆడమనిషికేం ఎరుక సార్. పరేషాన్ల ఏదో అన్నది. నా పేరే ఉండనీయండి,” అన్నాడు. తర్వాత ఫోన్ అరచేత్తో మూసి పూర్ణిమ ముందు పెట్టాడు. పళ్ల బిగువున, “సార్‌కు చెప్పు. పొరపాటున అన్న అని చెప్పు,” అన్నాడు.

పూర్ణిమ ఫోన్ తీసుకుంది.

“సార్, నా పేరు పూర్ణిమ. నిన్న నేను చెప్పిందే ఖరారు. మంద నేను తోల్కరావాల్నంటే పని నా పేరు మీద ఉండాలె. గేటు లోపటి నుంచి తీసేటట్టు ఉండాలె. ఆడమనిషి ఒంటికి పోనీకి ఒక గది ఉండాలె. లేదంటరా, ఈయనే తోల్కొస్తడు. ఏదైనా నా నంబర్‌కే చెప్పుండ్రి.” నంబరు చెప్పి ఫోన్ మొగుడి చేతిలో పెట్టింది.

అతను తిట్లు మొదలుపెట్టక ముందే దొడ్డి తడిక తీసింది. మందను సోలార్ దిక్కుకు కాకుండా రింగు రోడ్డు కింది బీడు దిక్కుకు తోలింది. అక్కడ మేత పలచన. మందతో దూరం నడవాలి, లారీలకు అడ్డం రాకుండా కాయాలి. ఆ బీడులోనే రోజులు గడిచాయి. మల్లేశ్వర్ మాట్లాడటం మానేశాడు. తనే సోలార్ దిక్కుకు తోలుకెళ్తానని ఒక పొద్దు బయల్దేరి, మంద మాట వినక ఎండెక్కక ముందే దానితో సహా తిరిగొచ్చాడు. ఆ రోజు నుంచి ఈరమ్మ చెప్పకుండానే సద్ది కట్టి గిన్నె గడప మీద పెడుతోంది.

ఒక మధ్యాహ్నం బీడులో ఉండగా పూర్ణిమ ఫోన్ మోగింది.

“పూర్ణిమగారేనా? హరిప్రసాద్‌ని మాట్లాడుతున్నాను. పై వాళ్లు ఒప్పుకున్నారమ్మా. మీ పేరే. గేటు కూడా మార్పించేశాం. గడ్డి మళ్లీ పెరిగిపోతోంది, రేపటి నుంచి వచ్చేయండి. ఆ గది సంగతి కొంచెం టైం పడుతుంది, మెల్లగా చూద్దాం.”

పూర్ణిమ గొర్లవంక చూసింది. ఎముకలు తేలుతున్నాయి వాటికి. రేపు లోపలికి తోలితే కడుపునిండా మేస్తాయి. ఇంట్లో మొగుడి మొహం విప్పారుతుంది, అందరూ అమ్మయ్య అనుకుంటారు. ఇలా ‘మెల్లగా చూద్దాం’ అన్న మాట మీదే కదా పెళ్లైన నాటి నుంచి ఇప్పటిదాకా వచ్చింది.

“కట్టుండ్రి సార్,” అంది. “గది లేసినంక నాకు ఫోన్ చెయ్యుండ్రి. అప్పుడు వస్త.”