మొదటి ముద్ద

బుట్టలోని పుట్టగొడుగులన్నీ కోడలు మళ్లీ నేలమీద గుమ్మరించింది. పొద్దుట్నుంచి ఇది రెండోసారి. మానుల మీంచి తను కోసుకొచ్చిన తెల్లటివి ఒక పక్కా, మొగుడు మోడు మొదట్లోంచి పీక్కొచ్చిన గోధుమరంగువి ఒక పక్కా పెట్టి, చంటిదానికి పాలివ్వడానికి అలా లోపలికెళ్లిందో లేదో, ఆ మహానుభావుడు రెండూ కలిపేసి బుట్ట నింపేశాడు. తల ప్రాణం తోకకొస్తోంది ఆమెకి.

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా? నావి తిరగేసి చూడు. గొడుగు కింది మడతలు కాడ మీదకి దిగి ఉంటాయి, కాడకి ఉంగరం ఉండదు. నీవాటికి ఉంది. ఇవి తినేవి కావు."

"రెండూ చెట్ల మీద మొలిచినవేగా! బుట్ట నిండితేనే తీసుకుంటానన్నాడు హోటలాయన. కిలో రెండొందలు, ఊరికే పారబోస్తామా?" అన్నాడు మొగుడు. "అంత అనుమానమైతే ఉడకేసి నువ్వో ముద్ద తిను. సాయంత్రానికి బాగుంటే అమ్మేద్దాం."

ఆ ఇంటి పద్ధతే అది. అనుమానమున్న గొడుగు మొదట కోడలు తినాలి. సాయంత్రందాకా ఆమె కడుపు నిమ్మళంగా ఉంటే తక్కినవాళ్లు తింటారు, మిగిలింది అమ్ముతారు. అత్త కాపురానికొచ్చిన నాటినుంచీ తింది, వాంతులు చేసుకుంది, ఎలాగో బతికింది. బతికింది కాబట్టి పద్ధతి మంచిదేనని తేల్చేశారు! కిందటి వానల్లో పక్కింటి కుట్టుపనామె కూడా ఇలాగే తింది. సాయంత్రం నవ్వుతూ మిషను తొక్కింది. మర్నాడు పొద్దున్న పట్టుకున్న కడుపునొప్పి ఆమెని తీసుకునే పోయింది.

అత్త ఈలోగా గుప్పెడు గోధుమరంగువి ఉడికించి పళ్లెంలో పెట్టింది. "తినవే తల్లీ. నేను తినలేదూ? నాకేమైంది?"

"కుట్టుపనామెకి మాత్రం సాయంత్రం ఏమైందత్తా? పసిది నా పాలు తాగుతోంది. నేను తినను."

మొగుడు గుడ్లురిమాడు. కోడలికి ఒళ్లు మండిపోయింది. పళ్లేన్ని అతని ముందుకి తోసేసింది.

"తెచ్చింది నువ్వు, కలిపింది నువ్వు. నువ్వే తిను."

అతను పళ్లెంకేసి చూశాడు. చెయ్యి మాత్రం ముందుకి రాలేదు.

వచ్చింది అత్త చెయ్యి. "వాడెందుకులేవే, నేనున్నాగా," అంటూ, ఎప్పటి అలవాటో, ముద్ద తీసుకుంది. వద్దమ్మా అని కొడుకు నోటివెంట ఒక్క మాట రాలేదు.

కోడలు ఆ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నువ్వూ తినొద్దత్తా."

ముసలామె చెయ్యి విడిపించుకోబోయింది. కోడలు వదల్లేదు.