ఫోటోలో మనిషికి గౌను

"మా అన్నయ్యకి తెలియనివ్వకండి," అంటూ ఆ అమ్మాయి బట్టల కొట్టు వెనక గదిలో, కుట్టుమిషను మీద ఒక ఫోటో పెట్టింది. "ఆదివారం కాబోయే వదినని భోజనానికి పిలిచాడు. ఈ ఫోటో చూసి గౌను కుట్టగలరా?"

టైలరమ్మ చేతిలోంచి సుద్దముక్క జారిపడింది.

మొహం తనదే. మెడ కిందంతా ఎవరో వేరే మనిషి. ఆ నడుం ఇరవై ఎనిమిది అంగుళాలు దాటదు. తనది నలభై నాలుగు.

"అన్నట్టు, అచ్చం మీ పోలికే! మీరు వదినకి అక్కగారా?"

"దూరపు చుట్టాన్ని," అంది టైలరమ్మ.

నాలుగు నెలల క్రితం ఆ అన్నయ్య స్టూడియోకే ఫోటో దిగడానికి వెళ్లింది. కూర్చోగానే స్టూలు విరిగింది. ఫోటోగ్రాఫరు నవ్వలేదు. "స్టూలుకి దమ్ము లేదండీ, మీ తప్పేం లేదు," అన్నాడు. అలా ఒకేరోజు రెండుసార్లు పడింది, స్టూలు మీంచీ, ప్రేమలోనూ. "నువ్విలాగే ఉండు, కరివేపాకు రెమ్మలంటే నాకు మోజు లేదు," అనేవాడు. ఇంట్లో ఎప్పుడు చూపిస్తావంటే మాత్రం ఆదివారం అనేవాడు. మూడు ఆదివారాలు గడిచిపోయాయి. ఈ నాలుగోదాని మీదే ఆమె ఆశలన్నీ.

శనివారం ఫోను మోగింది. "అమ్మకి జ్వరం. వచ్చేవారం చూద్దాం, సరేనా?"

"సరే," అంది. కత్తెర తీసింది.

ఎవరికి కుట్టినా కుట్టు లోపల రెండంగుళాల గుడ్డ మిగల్చడం ఆమె పద్ధతి. ఈసారి మిగల్చలేదు.

ఆదివారం మధ్యాహ్నం తలుపు తీసింది చెల్లెలే. లోపల జ్వరం తాలూకు అమ్మ నిక్షేపంలా వడ్డిస్తోంది. ఫోటోగ్రాఫరు నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

"వదిన మళ్లీ రాలేదండీ, ఊళ్లో లేదట," అంది చెల్లెలు దిగులుగా.

టైలరమ్మ గౌనుని అతని పక్కనున్న ఖాళీ కుర్చీకి తొడిగి, భుజాలు సర్ది, వెనక్కి తిరిగింది.

అతను మెట్ల దాకా పరిగెత్తుకొచ్చాడు. "మనకోసమే ఆ ఫోటో మార్చాను! ముందు వాళ్లు ఒప్పుకుంటే, తర్వాత మెల్లగా చెబుదామని..."

"ఏమని? పెళ్లి కుదిరిన సంతోషంలో పదహారంగుళాలు లావెక్కిందనా?"

"పోనీ, ఆ గౌను కాస్త వదులు చేసి నువ్వే తొడుక్కుని రా. ఇప్పుడే చూపిస్తాను."

"వదులు చెయ్యడానికి లోపల గుడ్డ లేదు. మనుషులు పెరుగుతారని మిగులుస్తాను. ఫోటోలో మనిషి పెరగదుగా."

ఇంతలో లోపల్నుంచి తల్లి కేక వేసింది. "ఎవర్రా ఆవిడ?"

టైలరమ్మ మెట్టు మీదే ఆగింది. ఇంత జరిగాక కూడా ఆగింది.

అతను ఆమెవైపు చూశాడు. తలుపువైపు చూశాడు.

"టైలరమ్మ, అమ్మా! గౌను ఇవ్వడానికొచ్చింది."

ఆమె మెట్లు దిగింది. కింద వీధిలో ఎండ నిలువునా కాస్తోంది.