కళ్ళజోడు కింద పొక్కు

ముందుగా ఒక మాట. నేను పెద్దతనంలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తులు తప్పితే సర్దుకొని చదవండి. ఈ కాస్తా రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

మా తోడికోడల్ని అందరూ టైలరమ్మ అంటారు. ఆమెకు ముక్కు పక్కన, కంటి మూలకు దగ్గరగా, గోధుమగింజంత పొక్కు లేచింది. సరిగ్గా కళ్ళజోడు ఆనే చోటు. రోజంతా మిషను మీద వంగి కుట్టే మనిషి ఇంకేమనుకుంటుంది? జోడు ఒరుసుకుంటోందనుకుంది. కళ్ళద్దాల షాపుకు వెళ్ళి ముక్కు మీద ఆనే మెత్తలు మార్పించింది. మళ్ళీ మార్పించింది. చివరికి వాటికి గుడ్డపేలిక చుట్టి కుట్టేసింది. పొక్కు మాత్రం చెక్కు కట్టేది, రాలేది, కాస్త రక్తం కారేది, మానినట్టే ఉండి మళ్ళీ లేచేది. ఏడాదిన్నర అలాగే గడిచింది.

మూడోసారి వెళితే షాపతను జోడు పక్కన పెట్టేశాడు.

"అమ్మా, నా మెత్తల్ని తిట్టింది చాలు. చర్మం డాక్టరుకు చూపించుకోండి."

డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. వారానికి ఫలితం వచ్చింది. చర్మ క్యాన్సర్. సాధారణంగా ఒళ్ళంతా పాకే రకం కాదు గానీ, వదిలేస్తే ఉన్నచోటే లోపలికి తొలుచుకుపోతుందట.

టైలరమ్మకు చావు భయం వేయలేదు. కన్ను పోతే బతుకు కుట్టేదెలా అన్నదే ఆమె బెంగ.

"కోత వద్దు. ఏదైనా పూతమందు రాసివ్వండి."

"పైపైన ఉంటే పూతమందో, చల్లటి మందుతో గడ్డకట్టించి రాల్చడమో సరిపోయేది. ఇది లోతుకు దిగిందమ్మా."

"కరెంటు పెడతారటగా?" అంది వెంట వచ్చిన ఆమె కోడలు.

"రేడియేషన్. అదీ ఉంది. కోత ఉండదు, కానీ కొన్ని వారాలు వస్తూనే ఉండాలి. కోత పనికిరానివాళ్ళకు అదే చెబుతాం. మీకు కోతే మేలు. కొంచెం తీసి, అంచులన్నీ మైక్రోస్కోపులో చూసి, జబ్బు మిగిలిన చోటే మళ్ళీ కొంచెం తీస్తాం."

"ఒకేసారి పెద్దగా కోసెయ్యకూడదూ?"

"పక్కనే కన్నుందిగా."

టైలరమ్మ తలాడించింది. "గుడ్డ తక్కువున్నప్పుడు మేమూ అంతే. కొసరి కొసరి కత్తిరిస్తాం."

"అత్తయ్యా, ఇక్కడి కొలతలు డాక్టరుగారివి."

"నువ్వుండవే. సరే, కానివ్వండి."

కోత రోజు ముక్కు పక్కన సూది వేసి మొద్దుబార్చారు. మొదటి ముక్క తీసి, కట్టు కట్టి బెంచీ మీద కూర్చోబెట్టారు. గంట దాటాక డాక్టరమ్మ తలుపు తీసింది.

"మూడు వైపులా శుభ్రం. కంటివైపు కాస్త మిగిలింది."

టైలరమ్మకు లేచి ఇంటికి పోదామనిపించింది.

"ఇంకెంత?"

డాక్టరమ్మ రెండు వేళ్ళ మధ్య సన్నటి సందు చూపించింది.

"లైటు దగ్గరగా పెట్టుకో తల్లీ," అంటూ టైలరమ్మ లేచింది.

రెండో ముక్కకు అంచులన్నీ శుభ్రం. చెవి ముందు నుంచి చర్మం తీసి గాయం మీద అతికారు. మూడు వారాలు జోడు పెట్టొద్దన్నారు. మిషను కోడలికి అప్పగించి, ఆమె కుట్లకు వంకలు పెడుతూ కూర్చుంది.

కట్టు విప్పాక డాక్టరమ్మ రెండో కన్ను మూయించి, గోడమీది అక్షరాలు చదవమంది. టైలరమ్మ ఆఖరి వరుస దాకా చదివి, "ఇంకా చిన్నవి లేవా?" అంది.

ఇట్లు,
టైలరమ్మ తోడికోడలిని. వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు చిన్నకూతురి ఇంట్లో, మేడమీది గదిలో ఉంటున్నాను.