అత్త కత్తికి గంటు

"ఈ కత్తి మీద ఈగ వాలిందంటే రెండు ఈగలై లేస్తుంది. పొద్దున్నే పదును పెట్టేశానత్తా, నువ్విక కాళ్లు చాపుకుని కూర్చో," అంది మేనకోడలు. ఇంట్లో అందరూ ఆమెను డప్పు అంటారు. ఊరికే పెట్టరు కదా పేర్లు.

అత్త కత్తి అందుకుంది. జాకెట్టు కొలతలు గీసిన పాత కాగితం ఒకటి తీసి కత్తి అంచు మీదికి దించింది. కాగితం తెగలేదు సరికదా, పెద్దవాళ్లు ఎదురైనట్టు వినయంగా వంగింది.

"కాగితానికి చెమ్మ పట్టిందత్తా."

"పట్టిందిలే. జరుగు, నా వెనక నిలబడకు. ఆ స్టూలు మీద కూర్చో, దూరంగా."

అత్త పగలంతా దర్జీ, సాయంత్రాలు కత్తిసాము. తడిపి చుట్టిన చాపను రేపు గురువు ఎదుట ఒక్క వేటుకు నరకాలి. నరికితే ఆడవాళ్ల తరగతి ఆమె చేతికొస్తుంది. రెండేళ్లుగా దానికోసమే ఎదురుచూస్తోంది.

జుట్టు బిగించి ముడేసుకుంది. తోలు గ్లౌజులు తొడుక్కుంది. కత్తిని బట్టలు కత్తిరించే బల్ల మీద పడుకోబెట్టి, మొన గోడవైపు, అంచు అవతలివైపు ఉండేలా చూసుకుని, పాత దుప్పటి ముక్కలు చుట్టి క్లాంపులతో బిగించింది. ఇల్లు కూలినా ఆ కత్తి కదలదు. ఆ తర్వాత అంచు పొడవునా నల్ల స్కెచ్ పెన్నుతో గీత గీసింది.

"కత్తికి కాటుకేంటత్తా?"

"సానరాయి తగిలిన చోటే నలుపు పోతుంది. వాలు తప్పితే ఇట్టే తెలిసిపోతుంది. నీలాగా కోతలు కొయ్యదు."

తడి రాయి కదిలింది. వేళ్లు ఒక్కసారి కూడా అంచు దాటలేదు. ఒకే వాలు, ఒకే ఒత్తిడి, ఒకే చప్పుడు. నలుపు వెంట్రుకవాసి తేడా లేకుండా చెరిగిపోతోంది. డప్పు నోరు తెరుచుకుని చూస్తుండిపోయింది. ఇంకాసేపు ఇలాగే సాగితే పక్కింటివాళ్ల చెంచాలు కూడా పదునెక్కుతాయనిపించింది.

రాయి ఠక్కున ఆగింది. అంచంతా తళతళలాడుతోంది గానీ, మొనకు జానెడు ఇవతల ఆవగింజంత నలుపు మిగిలిపోయింది. అక్కడ గంటు పడి ఉంది.

"సాము చేస్తూ కొయ్యదిమ్మకు తగిలించి ఉంటాను," అంది అత్త నెమ్మదిగా. "నాకే తెలీకుండా చెయ్యి తప్పుతోందన్నమాట. ఈ చేత్తో ఇంకొకళ్లకి కత్తి పట్టుకోవడం ఏం నేర్పుతానే? రేపు రానని గురువుగారికి చెప్పేస్తా."

గ్లౌజులు విప్పి ఫోన్ అందుకుంది. డప్పు గబగబా అడ్డుపడింది.

"గంటు ఉంటేనే కత్తికి విలువత్తా. గంటు లేని కత్తిని కొట్టువాళ్లు అసలు అమ్మరట."

అత్త ఆమె వంక తేరిపార చూసింది. ఒక చేత్తో ఫోన్ అలాగే పట్టుకుని, కుట్టుమిషను లైటును కత్తి మీదికి వంచి, గుండుసూదితో గంటులో మెల్లగా గీకింది. నీలం పెచ్చు ఒకటి ఊడొచ్చింది. డప్పు కూర్చున్న స్టూలుకి నిన్ననే వేసిన రంగది.

"కొయ్యదిమ్మకు నీలం రంగు ఎవరేశారే?"

డప్పు స్టూలు మీంచి లేచింది. ఈసారి కోతలు కొయ్యలేదు.

"రంగు డబ్బా మూత రాలేదత్తా. స్క్రూడ్రైవర్ కనపడలేదు, ఇది కనపడింది. గంటు పడేసరికి భయమేసి వెనక మెట్టు మీద రుద్దాను. పొద్దున నేను పెట్టిన పదును అదే. ఫోన్ కింద పెట్టత్తా, నీ చెయ్యి తప్పలేదు."