స్టెప్నీ వంతు

చెల్లెలు ఆ కాగితాన్ని బానెట్ మీద పరిచి, గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఒక స్పానర్ పెట్టింది. మెకానిక్కు మసిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ వంగి చూశాడు. కొత్తగా చదవాల్సిందేమీ లేదు. పోయినవారం కాగితంలో ఉన్న మాటే ఇందులోనూ ఉంది. సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తోంది, బండి పరీక్ష తప్పింది. కింద ఇనస్పెక్టరు సంతకం, ఎలక తోకలా.

"ఇది రెండోసారి అన్నయ్యా. మూడోసారి కూడా తప్పితే టాక్సీ పర్మిట్ రద్దు. సోమవారం పొద్దున్నే మళ్ళీ రమ్మన్నాడు."

"అది పొగ కాదు. ఆవిరి."

"పోయినసారీ అదే అన్నావు."

"పోయినసారీ ఆవిరే."

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "ఇంజన్ విప్పింది నువ్వు, బిగించింది నువ్వు. ఎక్కడో ఏదో..." అని ఆపేసింది.

ఆపేసిన మిగతా సగం ఏమిటో అతనికి తెలుసు. ఆరో తరగతి మధ్యలో బడి మానేసి ఈ షెడ్డులో అడుగుపెట్టిన రోజునుంచీ ఆ సగాన్ని వింటూనే ఉన్నాడు. చదువుకున్నవాడు బండి పాడుచేస్తే అది పొరపాటు. తను బాగుచేస్తే అది అనుమానం. బయటివాళ్ళు అంటే దులిపేసుకునేవాడు. ఎనిమిదేళ్ళుగా ఈ టాక్సీ తోలి సంసారం లాగుతున్న సొంత చెల్లెలు అనేసరికి దులిపేసుకోలేకపోయాడు.

"నీ నోట్లోంచి వస్తోందే, అదేమిటి? నువ్వేమన్నా బీడీ తాగుతున్నావా? పెట్రోలు మండితే నీళ్ళు పుడతాయి. ఎండాకాలం కనపడవు, చలికి కనపడతాయి. అంతే."

"ఈ ముక్క ఇనస్పెక్టరుకి చెప్పు."

"కొలిచి చూడమను. మెషీను ఉండాలిగా అక్కడ."

"పాడైందట. గుడ్డ కప్పి మూల పెట్టారు. ఇప్పుడంతా ఆయన కళ్ళే."

అతను ఇంజన్ స్టార్ట్ చేశాడు. గొట్టం చివరినుంచి తెల్లటి మబ్బు బుస్సుమని వచ్చి షెడ్డు సగం నింపింది. గొట్టంలోంచి నీటిచుక్కలు టపటపా రాలాయి. పావుగంట గడిచేసరికి మబ్బు సన్నబడి దారప్పోగంత అయింది. అతను గడియారం చూశాడు, చెల్లెలిని చూశాడు.

"ఇక్కణ్ణుంచి పరీక్ష జరిగే చోటికి నలభై నిమిషాలు. వెళ్ళేసరికి ఇంజన్ సలసలా కాగుతుండాలి. మరి ఆయనకి మబ్బు ఎక్కడ దొరికింది? అక్కడికెళ్ళాక ఏంచేశావో వరసగా చెప్పు."

"ఏంచేస్తాను, అందరిలాగే లైన్లో పెట్టి ఇంజన్ ఆపేశాను."

"ఆపేశావా?"

"అందరూ ఆపుతారు. రెండు గంటల లైను. పెట్రోలు ఊరికే వస్తుందా? ముందు బండి కదిలితే దిగి తోసుకుంటాం, ఒకరికొకరం సాయం పడతాం. అయినా ఇంజన్ ఆన్‌లో ఉంచితే గేటుమనిషి ఊరుకోడు, లైన్లోంచి తీయించేస్తాడు."

మెకానిక్కు నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. "రెండు గంటలు గడ్డకట్టించి, సైలెన్సర్ నిండా నీళ్ళు పట్టించి, సరిగ్గా ఆయన ముక్కు కింద స్టార్ట్ చేశావన్నమాట. మబ్బులు రాక మల్లెపూల వాసన వస్తుందా?"

"ఇప్పుడేమంటావు మరి?"

"ఏమీ అనను. సోమవారం నేనూ వస్తాను."

ఆదివారం అతను బానెట్ ఎత్తాడు. ఇంజన్ని చల్లబరిచే నీళ్ళ డబ్బా మీద మేకుతో ఒక గీత గీసి, అందులో నీళ్ళు సరిగ్గా గీతదాకా పోశాడు. సాయంత్రం బజారుకెళ్ళి తెల్ల చేతిరుమాలు ఒకటి కొన్నాడు. కొట్టువాడు విప్పి చూపించబోతే వద్దని, కాగితంలో చుట్టించుకున్నాడు.

సోమవారం అద్దం మీద మంచు గీకి బయల్దేరారు. వెళ్ళేసరికి గేటు ముందు ముప్పై బండ్లున్నాయి, చప్పుడన్నది లేదు. డ్రైవర్లు చంకల్లో చేతులు దోపుకుని బండ్లకి ఆనుకుని నిలబడ్డారు. మెకానిక్కు ఇంజన్ ఆపకుండానే దిగి, డిక్కీ తెరిచి స్టెప్నీ తీసి, ముందున్న లారీ వెనకాల రోడ్డు మీద నిలబెట్టాడు.

"ఇది మన బండి," అన్నాడు చెల్లెలితో. "లైను కదిలినప్పుడల్లా దొర్లించు. ముందు నాలుగు బండ్లు మిగిలినప్పుడు ఫోన్ చెయ్."

అప్పుడే వెనక వచ్చి ఆగిన పాలవ్యాను డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏంటి మేస్త్రీ, టైరుకి కూడా పరీక్షా?"

"బండి వస్తుంది. దాని వంతు ఇది కాస్తుంది."

"లైన్లో ఉండాల్సింది బండయ్యా."

"ఇదీ బండిలో ముక్కేగా. నీ వ్యాను కన్నా దీన్ని తోయడం సుఖం."

పాలవ్యాను డ్రైవరు చెల్లెలి వైపు తిరిగాడు. "ఏమ్మా, మీ అన్నయ్యకి చలికి మెదడు గడ్డకట్టిందా?"

"చిన్నప్పట్నుంచీ అంతేనండీ," అందామె. టైరు మీద చెయ్యి మాత్రం తీయలేదు.

మెకానిక్కు ఊరి చుట్టూ ఉన్న రోడ్డెక్కి, తక్కువ గేర్లో ఇంజన్‌ని గీపెట్టిస్తూ తిప్పాడు. అద్దంలో వెనక తెల్లతోక కనబడుతోంది. మొదటి చుట్టులో మేకతోకంత, ఎండ కాస్త ఎక్కాక చివరి చుట్టులో ఎలక తోకంత. అయినా చెల్లెలి మాట వదల్లేదు. ఎక్కడో ఏదో. ఇంజన్ మూత కింది గాస్కెట్ కాని కారుతుంటే డబ్బాలో నీళ్ళు ఇంజన్లోకి పోతాయి, అప్పుడూ వచ్చేది తెల్లగానే ఉంటుంది. బండి పక్కకి ఆపి, ఇంజన్ తిరుగుతుండగానే బానెట్ ఎత్తాడు. కాగిన నీళ్ళు గీతకి వేలెడు పైకి పొంగాయి కానీ చుక్క తగ్గలేదు. బానెట్ దించేసరికి ఫోన్ మోగింది.

"నాలుగే ఉన్నాయి. గేటుమనిషి వచ్చాడు. టైరు చుట్టూ రెండుసార్లు తిరిగాడు."

"ఏమన్నాడు?"

"ఇదేమిటన్నాడు. లైన్లో ఇంజన్ ఆపమన్నారు, ఆపేశాం, కావాలంటే చెవిపెట్టి వినండి అన్నాను. టైర్ల గురించి రూలేమీ గుర్తురాలేదు కాబోలు, వెళ్ళిపోయాడు. నువ్వు తొందరగా రా."

అతను చేరేసరికి స్టెప్నీ గేటు దగ్గర మొదటి స్థానంలో నిలబడి ఉంది. చెల్లెలు దాన్ని పక్కకి లాగింది. కారు నేరుగా రేకుల కప్పు కిందికి వెళ్ళింది.

ఇనస్పెక్టరు మెడకి చుట్టుకున్న మఫ్లర్‌లోంచి ముక్కు మాత్రం బయటపెట్టి వచ్చాడు. ఇంజన్ ఆపించి మళ్ళీ స్టార్ట్ చేయించాడు. గొట్టం చివర సన్నటి తెల్లపోగు ఆడింది.

"తెల్లగా వస్తోంది," అని కలం తీసి రాయడం మొదలుపెట్టాడు.

"ఎంత దూరం వస్తోంది సార్?" అన్నాడు మెకానిక్కు.

"ఏమిటి?"

"మూరెడు దూరం పోయి మాయమౌతోంది. పొగైతే మాయం కాదు, ఆ గోడదాకా పోయి పేరుకుంటుంది. ఇది ఆవిరి."

ఇనస్పెక్టరు అతన్ని కిందినుంచి పైకి చూశాడు. "నువ్వెంతవరకు చదివావు?"

"ఆరు సార్. అదీ సగం."

"మరి నాకు చెప్తున్నావా?"

"చెప్పడం లేదు సార్. చూడమంటున్నాను." జేబులోంచి కాగితం పొట్లం తీసి చెల్లెలి చేతికిచ్చాడు. "నువ్వు విప్పు. నా చెయ్యి తగిలితే అది ఇక్కడే నల్లబడుతుంది."

చెల్లెలు చేతిరుమాలు విప్పి, గొట్టానికి జానెడు దూరంలో గొంతుక్కూర్చుని, రెండు చేతులతో చాచి పట్టుకుంది.

"నూరు లెక్కపెట్టండి సార్. లోపల పొగే ఉంటే మసి అంటుతుంది. అంటితే పర్మిట్ మీ చేతుల్తోనే చింపేయండి."

ఆ మాటకి చెల్లెలు తలెత్తి అన్నయ్యని చూసింది. పర్మిట్ ఆమెది. అతను కళ్ళు తిప్పుకోలేదు. ఆమె మళ్ళీ తల దించి, రుమాలును ఇంకో నాలుగు వేళ్ళు దగ్గరికి జరిపింది.

ఇనస్పెక్టరు లెక్కపెట్టలేదు. గేటు అవతలినుంచి పాలవ్యాను డ్రైవరు మొదలుపెట్టాడు, పదికల్లా ఇంకో నలుగురు అందుకున్నారు. అరవై దగ్గర ఆమె మోచేతులు మోకాళ్ళకి ఆనించుకుంది, రుమాలు దించలేదు. నూరు కాగానే లేచి రుమాలును ఇనస్పెక్టరుకి అందించింది.

అతను దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు. వాసన చూశాడు. వేళ్ళమధ్య నలిపి ఆ వేళ్ళు చూసుకున్నాడు. రుమాలు పిండితే నీళ్ళు కారేలా తడిసి ఉంది. తెల్లగానే ఉంది.

ఇనస్పెక్టరు కాగితం మీద అప్పటికే రాసిన అక్షరాలు కొట్టేసి, పక్కన 'పాసైంది' అని రాసి, స్టాంపు గుద్దాడు. "ఈసారి టైర్లు గీర్లు తేకండి," అన్నాడు ఎవర్నీ చూడకుండా.

చెల్లెలు డ్రైవరు సీట్లో కూర్చుంది. తడి రుమాలును అద్దం ముందు ఆరేసింది. గేటు దాటాక ముందుకే చూస్తూ, "మొన్న ఎక్కడో ఏదో అన్నాను," అంది.

"అన్నావు."

"లేదులే."

"లేదని నాకు ముందే తెలుసు," అన్నాడు మెకానిక్కు, నీళ్ళ డబ్బా మీద గీసిన గీత సంగతి ఎత్తకుండా.

లైను పక్కనుంచి పోతుంటే లారీకీ వ్యానుకీ మధ్య ఒక స్టెప్నీ కనపడింది. అవతల ఇంకొకటి. ఆ వెనక ఒకడు తన బండి డిక్కీలోంచి మూడోది దించుతున్నాడు. గేటుమనిషి చేతులూపుతూ వాటి మధ్య పరిగెడుతున్నాడు.

చెల్లెలు గబుక్కున బ్రేకు వేసింది. "మన స్టెప్నీ గేటు దగ్గరే వదిలేశాం అన్నయ్యా."

"నేను తెస్తాను," అని అతను తలుపు తీసుకుని దిగాడు. "ఇంజన్ ఆపకు."

"ఆపను," అందామె.