మాంసం డబ్బా మోత

కంచెలకు కరెంటు పోయిందని తెలిసినప్పటి నుంచి దీవి మీద అందరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నారు. రాక్షసబల్లుల్ని చూడటానికి వచ్చిన జనం పొద్దున్నే వెళ్లిపోయారు. ఇక మిగిలింది పనివాళ్లు, ఆఖరి పడవ.

జంతువులకు మాంసం వేసే ఆవిడ మాత్రం పడవ ఎక్కకుండా రేవుగట్టు మీదే నిలబడింది. అతిథుల దుప్పట్లు ఉతికే కోడలు ఇంకా రాలేదు.

“పెద్దమ్మా, ఇక ఆగలేను,” అన్నాడు పడవవాడు.

“ఒక్క క్షణం నాయనా. తాళం వేశాక కూడా నాలుగుసార్లు లాగి చూస్తేగానీ కదలదు ఆ మహాతల్లి.”

మాట తేలిగ్గానే వచ్చింది గానీ చూపు చెట్ల వైపు నుంచి మళ్లలేదు. కొడుకు పోయాక ఆవిడకు మిగిలింది ఆ పిల్లే. ఉండబట్టలేక చంకలోని ఖాళీ మాంసం డబ్బా కింద పెట్టి, గరిటెతో దబదబా బాదింది. రోజూ కోడల్ని అన్నానికి పిలిచేది కూడా అలాగే.

చెట్ల మధ్య నుంచి కోడలు మూటతో పరుగెత్తుకొస్తూ కనిపించింది. హమ్మయ్య అనుకునేలోపే ఆమె వెనకాల ఒక కొబ్బరిచెట్టు ఫెళ్లున విరిగి, రాక్షసబల్లి ఒకటి బయటికొచ్చింది.

“నా చేతులు పడిపోనూ! దాన్ని కూడా నేనే పిలిచాను కదరా!”

గుడ్డులోంచి బయటపడ్డ నాటి నుంచి ఆ జంతువుకు ఆవిడ తిండి పెట్టింది ఈ మోతతోనే. భయంతో ఆవిడ గరిటె ఆపేసింది. అది ఇంకా పెద్ద పొరపాటు. మోత ఆగిందంటే మాంసం పడిందని దాని లెక్క. తల వంచి వెతకసాగింది. ఎదురుగా కోడలు ఉంది.

“కదలకే! అక్కడే ఉండు!”

ఆవిడ డబ్బా ఎత్తుకుని మళ్లీ బాదుతూ గట్టుకు అవతలి వైపు, రాళ్ల వాలు దాకా ఉరికింది. జంతువు తల అటు తిరిగింది. అడుగు పడినప్పుడల్లా గట్టు అదురుతోంది. దాని ఊపిరి వాసన తగిలేదాకా ఆగి, డబ్బాను వాలులోకి ఒక్క తన్ను తన్నింది. అది గణగణమంటూ దొర్లింది. జంతువు దాని వెంట దిగింది.

“ఇప్పుడు ఉరుకు!”

అత్తాకోడళ్లు ఒకరి మీద ఒకరు పడవలో పడ్డారు.

“నన్నొక్కదాన్ని పిలిస్తే సరిపోయేదిగా అత్తయ్యా,” అంది కోడలు ఒగరుస్తూ.

“నోరు ముయ్యి. తాళం వేశావా?”

“వేశాను. లాగి కూడా చూశాను.”

ఒడ్డున డబ్బా నీళ్లలో మునిగి మోత ఆగింది. జంతువు తల వంచి మాంసం కోసం వెతుకుతోంది. ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది.